ఎవరూ ఢీకొనని రోజు

నా స్థానంలో ఉద్యోగంలో చేరాక, పోయిన వారం నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు మా పాపను చూడడానికి వచ్చానన్నావు. టీ గ్లాసు సగం కూడా కాకముందే అసలు సంగతి అడిగేశావు. "మేడమ్, గెలవబోతున్న పిల్లను ఆపేసి మీరు రేసు రద్దు చేశారట కదా? క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతున్నారు. ఏమైంది అసలు?"

సరిగ్గా అప్పుడే పాప లేచింది. జవాబు చెప్పే వీలు దొరకలేదు. నిజానికి పాప లేవకపోయినా చెప్పగలిగేదాన్ని కాదేమో. జరిగినది చెప్పడం తేలిక. జరగనిది ఎలా చెప్పాలో నాకు ఈ రోజుకీ తెలియదు. పాప నిద్రపోయిన వేళల్లో ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను. నువ్వే కాదు, ఇటువంటి ఉద్యోగాల్లోకి వచ్చే ఏ ఆడపిల్ల చదివినా సరే.

నేను పద్మనాభం దగ్గర పల్లెలో పుట్టాను. వరిచేలల్లో నీళ్ళు తప్ప మరో నీళ్ళు ఎరగను. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, లెక్చరర్ పోస్టు దొరక్క, తెరచాప పడవల క్లబ్బులో అసిస్టెంటుగా చేరాను. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట ఇంజనీరు. వాళ్ళది కృష్ణా జిల్లా. మా అత్తగారు మొదటిసారి నా ఉద్యోగం గురించి విని, "సముద్రం మీద ఆడదానికి ఉద్యోగమేంటమ్మా, సముద్రం ఏమన్నా ఆఫీసా?" అన్నారు. ఆవిడ మాట నాకు తప్పుగా తోచలేదు. సముద్రమంటే నాకు భయం. ఉద్యోగంలో చేరాకే ఈత నేర్చుకున్నాను, అదీ అంతంత మాత్రం.

పని నీకు తెలిసిందే. శనివారం పిల్లలకు రూల్సు చెప్పడం, ఆదివారం రేసు మొదలుపెట్టే స్టార్ట్ లాంచీ ఎక్కి జెండాలు ఎత్తడం, హారన్ కొట్టడం. పిల్లలు ఒక్కొక్కరే ఒక చిన్న చెక్క పడవ నడుపుతారు. ఒకే తెరచాప, ఒకే తాడు, ఒక చుక్కాని. ఔటర్ హార్బర్ గోడ దాటి బయట సముద్రంలో వాళ్ళు వరసగా వెళ్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళకు కొంగలబారులా ముచ్చటగా ఉంటుంది. నేను మాత్రం తెరచాపలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఒకటి తగ్గినట్టనిపిస్తే లేచి నిలబడేదాన్ని. మళ్ళీ లెక్కపెడితే, ఇంకో తెరచాప వెనక దాగినది బయటికి వచ్చేది.

మా లాంచీ నడిపే సరంగు ఇది చూసి నవ్వేవాడు. యాభై దాటిన మనిషి, జాలరిపేటలో పుట్టినవాడు. "ఏటమ్మా, పొద్దస్తమానం లెక్కెడతన్నారు? అవేటి కోడిపిల్లలేటి, గెద్దలెత్తుకుపోడానికి?" అనేవాడు. నాకు ఐదో నెల వచ్చాక మాత్రం ఆ వేళాకోళం తగ్గించి, లాంచీలో నేను కూర్చునే చోట పాత లైఫ్‌జాకెట్లు మెత్తగా పరిచి ఉంచేవాడు. ఎందుకని అడిగితే, "ఎండకి ఆరేసినానమ్మా, అంతే" అని అటు తిరిగిపోయేవాడు.

శనివారం క్లాసు క్లబ్బు వరండాలో జరిగేది. నల్లబల్ల మీద చెబితే పిల్లలకు ఎక్కదు. అందుకని అందరి చెప్పులూ విడిపించి వాటినే పడవలు చేసేదాన్ని. నేల మీద సుద్దముక్కతో పెద్ద బాణం గీస్తే అది గాలి. ఒక చెప్పుకి గాలి కుడివైపు నుంచి తగులుతోంది, ఇంకో చెప్పుకి ఎడమవైపు నుంచి. రెండూ ఎదురుపడ్డాయి. ఎవరు తప్పుకోవాలి? ఎడమ గాలివాడు తప్పుకోవాలి. కుడి గాలివాడికి దారి హక్కు. ఆ హక్కున్నవాడు "స్టార్‌బోర్డ్!" అని గట్టిగా అరవాలి. రెండోవాడు మాట్లాడకుండా దారి ఇవ్వాలి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి గానీ ఈ కథకు ఇది చాలు.

దీనికి మా సెక్రటరీగారు తన సూత్రం ఒకటి కలిపేవారు. ఆయన గోదావరి జిల్లా మనిషి, ఓడల్లో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. వరండా స్తంభానికి ఆనుకుని, "హక్కున్నవాడు తడబడకూడదర్రా. వాడు తిన్నగా వెళ్ళాలి. ఇరుకు సందులో ఇద్దరు ఎదురుపడ్డారనుకోండి. ఒకడు నిలబడి, రెండోవాడు తప్పుకుంటే పనైపోతుంది. ఇద్దరూ మర్యాదకి పోయి తప్పుకోబోతే తలకాయలు గుద్దుకుంటాయి" అనేవారు. పిల్లలు విరగబడి నవ్వేవారు. మాట నిజమే. రూల్సులోనూ అదే ఉంది. కాకపోతే రూల్సులో దాని కిందే ఇంకో మాట కూడా ఉంది. అవతలివాడు తప్పుకోవడం లేదని తేలిపోయాక, హక్కున్నవాడైనా సరే ప్రమాదం తప్పించుకోవాలి అని. ఆ మాట చెప్పినప్పుడు ఎవరూ నవ్వరు. నవ్వు రాని మాట పిల్లలకు గుర్తుండదు.

పైగా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. హక్కుండీ ముందుగా తప్పుకున్న పిల్లవాణ్ణి ఒడ్డుకొచ్చాక మిగతావాళ్ళు "అయ్యగారూ, దండాలండీ, దారిచ్చారు" అని వంగి వంగి నమస్కారాలు పెట్టి ఏడిపించేవారు. పెద్దవాళ్ళు కూడా చూసి ముసిముసిగా నవ్వేవారే గానీ ఆపేవారు కాదు.

ఆ పిల్ల పేరు రాయను. ఇప్పుడు నీ లాంచీ ముందు నుంచే వెళ్తుంది, నువ్వే గుర్తుపడతావు. పదమూడేళ్ళు. తండ్రి పోర్టులో క్రేను మీద పని, తల్లిది ఆనందపురం వైపు. పోర్టు ఉద్యోగుల పిల్లలకని ఇచ్చిన సీట్లలో చేరింది. గాలి ఎటు మారబోతోందో మెడ మీద వెంట్రుకలతో తెలుసుకునే పిల్ల. మగపిల్లలు ఆమెకు ఒక్క విషయంలోనే జంకేవారు. "స్టార్‌బోర్డ్" అని అరిచిందంటే చుక్కాని వెంట్రుకవాసి కూడా కదిపేది కాదు. ఆమెకు ఎవరూ ఎప్పుడూ వంగి నమస్కారం పెట్టలేదు.

బొంబాయిలో జరిగే పిల్లల పోటీలకు మా క్లబ్బు నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు. ఎంపిక చేయడానికి బొంబాయి నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆ ఆదివారం ఆఖరి రేసు. సాయంత్రం రైలుకు ఆయన వెళ్ళిపోవాలి. గెలిస్తే ఈ పిల్ల, లేకపోతే ఇంకో అబ్బాయి. లెక్క అంతే. ఒడ్డున కుర్చీలు వేసి, షామియానా కట్టారు. సెక్రటరీగారు నాతో, "అమ్మాయ్, ఇవాళ రేసు ఎట్టి పరిస్థితుల్లోనూ చెడకూడదు. మళ్ళీ పెట్టడానికి టైము లేదు. నీ కంగారు కాస్త అదుపులో పెట్టుకో" అన్నారు. కడుపుతో ఉన్న మనిషినని దయగా అన్నారో, అందుకే నమ్మకం తక్కువై అన్నారో తెలియలేదు. తలూపాను.

రేసు సగం దాటేసరికి పిల్ల అందరికంటే ముందుంది. రెండో పడవ బాగా వెనకపడింది. ఇక మలుపు గుర్తుగా నీళ్ళ మీద తేలే బుడ్డీ చుట్టూ తిరిగి మా వైపు వచ్చేస్తే చాలు. అప్పుడే దక్షిణం వైపు నుంచి ఒక తెప్ప వచ్చింది. వేట ముగించుకుని ఇంటికి పోతోంది. ఇద్దరు మనుషులు, మాసిన తెరచాప. దానికి గాలి ఎడమవైపు. మా పిల్లకు కుడివైపు. రెండు దారులూ ముందెక్కడో కలుస్తాయి. అచ్చం మా వరండాలో చెప్పుల్లాగే.

"తప్పుకుంటాడా?" అన్నాను.

"తప్పుకోడేటమ్మా! ఆడికి కళ్ళు నేవేటి? రోజూ వచ్చే దారే" అన్నాడు సరంగు.

పిల్ల లేచినంత పని చేసి, "స్టార్‌బోర్డ్!" అని అరిచింది. ఎండలో ఆ కేక మాదాకా వినిపించింది. తెప్ప మీద ముందు కూర్చున్నవాడు తల తిప్పి చూశాడు. వెనక ఉన్నవాడికి ఏదో చెప్పాడు. తెప్ప ముక్కు తిరిగింది. అవతలికి కాదు, పిల్ల వైపుకే తిరిగింది.

పిల్ల ఇంకా గట్టిగా అరిచింది. తెప్ప ఇంకా దగ్గరికి వచ్చింది. చెయ్యి విసిరి మరీ అరిచింది. ముందున్నవాడు నిలబడి తాడు లాగి తెరచాపను మరింత బిగించాడు, వేగం పెంచడానికి.

సరంగు ముఖంలో నవ్వు పోయింది. "ఈడేటి ఇలగ సేత్తన్నాడు" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

పిల్ల వైపు చూశాను. వీపు నిటారుగా, చెయ్యి చుక్కాని మీద. కదలదు. తెప్ప అంటే మన పడవలాంటిది కాదు, కట్టిన దుంగలు. వాటి ముందు ఆ పలచని చెక్క పడవ అగ్గిపెట్టెలాంటిది. నా కడుపులో ఉన్నది ఆ క్షణంలో తన్నింది. దాని వల్ల ఏదో తెలిసిందని నేను చెప్పను. భయపడ్డాను, అంతే. హారన్ తీసి మూడుసార్లు కొట్టాను. రద్దు జెండా పైకి లాగాను.

మూడు హారన్లు వినిపిస్తే ఏం చేయాలో పిల్లలకు మొదటి రోజే నేర్పుతాం. ఎవరు ఎక్కడున్నా తెరచాప తాడు వదిలేయాలి. ఆలోచించకూడదు. గెలుస్తున్నా, హక్కున్నా వదిలేయాలి. పిల్ల వదిలింది. తెరచాప టపటపా కొట్టుకుంది, పడవ నిలబడిపోయింది. దాని ముందు నుంచి, సుమారు ఒక పడవ పొడుగంత ఎడంలో, తెప్ప జారుకుంటూ దాటిపోయి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఏదీ విరగలేదు. సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంది.

మేము దగ్గరికి వెళ్ళేసరికి తెప్పవాళ్ళకూ పిల్లకూ గొడవ మొదలైంది. "నాకు రైటుంది! అంతగా అరుస్తుంటే మీదకొస్తారా!" అని పిల్ల ఏడుస్తూ తిడుతోంది.

తెప్ప మీద పెద్దవాడికి ఒళ్ళు మండింది. మా సరంగును చూసి, "సూడు బావా! ఈ గుంట ఏటో ఇరిగిపోయినట్టు అరిసింది. సుక్కాని పోయిందేమో, మునిగిపోతందేమోనని బేగి వచ్చినాం. వస్తే తిడతాది! సంద్రంలో ఎవలైనా ఊరికే అరుత్తారేటి?" అన్నాడు.

"పందెం ఆడతన్నార్రా, కనపడ్డం నేదా?" అన్నాడు సరంగు.

"పందెమా? పందెమాడీవోలు నవ్వుకుంటా ఆడతారు. ఏడుత్తా అరుత్తారేటి? అయినా మీ పందేనికి సంద్రమంతా గావాలేటి?"

అతని వెనకున్న చిన్నవాడు గంపలో చెయ్యి పెట్టి, ఏడుస్తున్న పిల్లకు ఒక చేపను ఎత్తి చూపించి, "ఇదిగో, తీసుకో, ఊరుకో" అన్నాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

అప్పుడు నాకు అర్థమైంది. వాళ్ళ ఆనవాయితీలో నీళ్ళ మీద కేక అంటే ఆపద. కేక విన్నవాడు అటు తిరగాలి. మా రూల్సులో కేక అంటే పక్కకు పో అని. ఎవరి నియమం ప్రకారం వాళ్ళు తప్పు చేయలేదు. పిల్ల ఎంత గట్టిగా అరిస్తే వాళ్ళు అంత వేగంగా వచ్చారు. సరంగు వాళ్ళలో పుట్టి పెరిగినవాడు, అతనికీ అది తట్టలేదు. "ఇన్నేళ్ళు లాంచీ మీద ఉండి మర్సిపోనానమ్మా" అన్నాడు తర్వాత, గెడ్డం గోక్కుంటూ.

ఆ తర్వాత గాలి పడిపోయింది. మధ్యాహ్నమంతా ఎదురుచూశాం. సముద్రం నూనెలా పరుచుకుని ఉండిపోయింది. పెద్దమనిషి గడియారం చూసుకుని లేచారు. ముందు రేసుల లెక్క ప్రకారం ఆ అబ్బాయి పేరు రాసుకుని వెళ్ళిపోయారు.

షామియానా విప్పుతుండగా సెక్రటరీగారు నన్ను పక్కకు పిలిచారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఢీకొనలేదు కదమ్మాయ్?"

"లేదండీ. ఆపాను కాబట్టి."

"అది నువ్వంటున్నావు. వాళ్ళేమో సాయం చేయడానికి వచ్చామంటున్నారు. సాయం చేసేవాడు గుద్దుతాడా? దగ్గరికొచ్చి ఆగేవాడు. లేదా ఆఖరి నిమిషంలో పిల్లే తిప్పుకునేది."

"తిప్పుకునేది కాదండీ. తిప్పుకోవద్దని మనమే నేర్పాం."

"ఏమో. ఇప్పుడెలా తెలుస్తుంది" అన్నారు.

అదే నా బాధ. రెండు పడవలు గుద్దుకుంటే పంచాయతీ పెడతాం. సాక్షులుంటారు, విరిగిన చెక్క ఉంటుంది, ఎవరిది తప్పో తేలుతుంది. గుద్దుకోని పడవలకు పంచాయతీ లేదు. పిల్ల బొంబాయి పోలేదన్నది ఒక్కటే కంటికి కనిపిస్తుంది. నా వైపున చూపించడానికి ఏమీ లేదు. ఎన్నోసార్లు ఆ ఒక పడవ పొడుగు ఎడాన్ని తలుచుకున్నాను. ఆపకపోతే ఆ ఎడం ఉండేదా, ఉండేది కాదా? ఫిజిక్స్ చదివినదాన్ని, కాగితం మీద వేగాలూ కోణాలూ వేసి చూశాను. ఒకసారి గుద్దుకునేవి, ఒకసారి తప్పిపోయేవి. నేను ఏ వేగం వేస్తే ఆ జవాబు వచ్చేది.

మరుసటి శనివారం పిల్ల క్లాసుకు రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. మిగతా పిల్లలు నన్ను చూసి గుసగుసలాడారు. ఎవరో నా వెనక వంగి నమస్కారం పెట్టారని నీడ చూసి తెలుసుకున్నాను. ఉద్యోగం మానేద్దామని ఆ రోజే నిశ్చయించుకున్నాను. మా అత్తగారు సంతోషించారు. మానే ముందు ఒక్కసారి పిల్లను చూసి రావాలనిపించి పోర్టు క్వార్టర్లకు వెళ్ళాను.

తల్లి గడపలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది. "రండమ్మా, రండి, కూకోండి. దీనికి జొరమేటీ నేదు. గాల్లేక పందెం ఆగిపోనాదని ముడుసుకుని తొంగుంది, అంతే."

గాలి లేక ఆగిపోయిందట! పిల్ల లోపలి గది తలుపు పక్కన నిలబడి ఉంది. నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది, చెప్పవద్దని. ఎందుకో అర్థమైంది. చెబితే తల్లి ఇంకెప్పుడూ సముద్రం మీదికి పంపదు.

తల్లి టీ పెట్టి ఇచ్చింది. నా పొట్ట వైపు చూసి, "ఎన్నో నెలమ్మా?" అంది. చెప్పాను. తర్వాత అడగాలా వద్దా అన్నట్టు అడిగింది. "నాకు సదువు నేదు, ఈళ్ళ నాన్న సెప్పడు. నిజం సెప్పండమ్మా. ఆ పడవల్లో ఏటీ బయ్యం నేదు గదా?"

పిల్ల కళ్ళు నా మీదే ఉన్నాయి. లేదు అంటే చాలు. తల్లి కుదుటపడేది, పిల్ల నన్ను క్షమించేది, నేను మంచిదాన్నయి ఉద్యోగం మానేసేదాన్ని. నోటిదాకా వచ్చింది. కానీ నా కడుపులో పిల్ల గురించి నేనెవరినైనా అలా అడిగితే, తెలిసీ లేదని చెబితే, ఆ మనిషిని నేనేమనుకుంటాను?

"ఉందమ్మా" అన్నాను. "ఆ రోజు గాలి ఆగడానికి ముందే నేను పందెం ఆపేశాను. మీ అమ్మాయే ముందుంది. ఒక తెప్ప మీదికి వస్తుంటే భయపడి ఆపాను. తర్వాత అందరూ ఆపక్కర్లేదన్నారు. నాకూ తెలీదు. భయమేసింది, ఆపాను."

పిల్ల విసురుగా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తల్లి మళ్ళీ చేట దగ్గరికి లాక్కుంది. చేటలో బియ్యం వేళ్ళతో అటూ ఇటూ కదిపింది. ఆమె ఇప్పుడు నన్ను తిడుతుంది, లేదా ఇక పంపనంటుంది అనుకున్నాను.

"గెలుత్తంటే ఆపీసినారా?" అంది.

"అవునమ్మా."

"ఒలమ్మ" అంది, అంతే. తర్వాత తల ఎత్తి, "ఆదివారం కూడా ఆ బోటు మీద మీరే కూకుంటారా?"

మానేస్తున్నానని చెప్పడానికే వెళ్ళాను. "ఉంటాను" అన్నాను.

ఆమె మూసిన తలుపు వైపు తిరిగి, "ఒలే, ఇన్నావా? ఆదివారానికి తయారవు" అని కేకేసింది. కాసేపటికి లోపలి నుంచి పిల్ల గొంతు వినిపించింది. "ఈసారి ఆపొద్దని చెప్పు."

"సెప్పను, ఫో" అంది తల్లి.

అత్తగారితో గొడవపడి ఎనిమిదో నెల వచ్చేదాకా ఆ లాంచీలో కూర్చున్నాను. క్లాసులో చెప్పుల మధ్య ఒక చీపురు పడుకోబెట్టి, ఇది తెప్ప అన్నాను. దీని మీద అరవకూడదు, దీనికి రూల్సు తెలియవు, దీన్ని చూస్తే మీరే తిరగాలి, చాలా ముందుగా తిరగాలి అని చెప్పాను. సెక్రటరీగారు ఆ మాటను అందంగా టైపు చేయించి, కింద తన సంతకం పెట్టి గోడకు అంటించారు. నీకు వరండాలో కనిపించేది అదే. ఆనవాయితీ నమస్కారాలు మాత్రం పూర్తిగా పోలేదు. పోతాయని నేను అనుకోవడం లేదు. నవ్వే నోళ్ళను ఆపే హారన్ లేదు.

నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడు ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. పాపకు గాజులు తెచ్చింది. పాపను ఒళ్ళో వేసుకుని, ముక్కు నాదా తండ్రిదా అని తేల్చి, అటూ ఇటూ ఊపుతూ ఊపుతూ అడిగింది.

"మరిప్పుడు ఆ బోటు మీద ఎవలు కూకుంతన్నారమ్మా?"

కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, చురుకైన పిల్ల, బాగా చదువుకుంది అని నీ గురించి చెప్పాను. ఆమెకు అవేవీ పట్టలేదు.

"బయపడే మనిసేనా?" అంది.

నాకు తెలియదని చెప్పాను. అందుకే నీకు ఇదంతా రాశాను.